పెద్దమ్మ తెచ్చిన ఖాళీ పత్తాలు

పోయిన వారం నేనొక డాక్టరమ్మకు అబద్ధం చెప్పాను. నోటితో కాదు, వేలితో. ఇప్పుడు మన వయసు వాళ్లందరి ఫోన్లలోనూ పొద్దున్నే ఏదో ఒకటి టింగుమంటూనే ఉంటుంది కదా, ఆవిడ ఆస్పత్రివాళ్లు నా ఫోన్లోనూ అలాంటిదొకటి పెట్టారు. ఎనిమిది కాగానే మోగి, బీపీ మాత్ర వేసుకున్నారా అని అడుగుతుంది, కింద పచ్చ బొత్తాం ఒకటి, ఎర్ర బొత్తాం ఒకటి ఉంటాయి. ఎర్రది నొక్కితే ఊరుకోదు, గంటకోసారి మళ్లీ మోగి బళ్లో నా పాఠం మధ్యలో పరువు తీస్తుంది. పచ్చది నొక్కితే సాయంత్రం దాకా నోరెత్తదు. పచ్చది నొక్కాలంటే మాత్ర మింగి ఉండాలన్న నిబంధనేమీ లేదని నాకు రెండో వారంలోనే తెలిసిపోయింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది, కంప్యూటరు వైపు తిరిగి నెలంతా వరసగా ఉన్న పచ్చ గుర్తులు చూసింది, నన్ను మాత్రం చూడలేదు. "మందులు చక్కగా వేసుకుంటున్నారు ఆంటీ, అయినా తగ్గట్లేదంటే డోసు సరిపోవట్లేదన్నమాట, పెంచుదాం" అంది. కాగితం బయటికి వచ్చింది, నేనూ బయటికి వచ్చాను. మందుల కౌంటరు ఎదురుగా ఉన్న స్టీలు కుర్చీలో కూర్చుని ఆ కాగితం చూస్తుంటే, ముప్పై ఏళ్ల కింద ఇలాంటి పచ్చ గుర్తులు నా చేత్తో నేనే పెట్టిన సంగతీ, ఆ గుర్తుల వల్ల మా పెద్దమ్మ చావు అంచుదాకా పోయివచ్చిన సంగతీ గుర్తుకొచ్చాయి.

నేను బీయస్సీ పాసై, ఏ ఉద్యోగమూ దొరక్క, మా ఉప్పుగూడలో స్టేషనుకు పోయే దారిలో ఉన్న ఒక చిన్న దవాఖానాలో కూర్చున్న రోజులవి. పనిచేసిన రోజులు అనకుండా కూర్చున్న రోజులు అంటున్నానంటే, ఆ పనికి ఒక పేరంటూ లేదు. చీటీలు రాయడం, పేర్లు పిలవడం, అలమారాలోంచి మందులు తీసివ్వడం, సూది చూసి కాళ్లు తన్నుకునే పిల్లల్ని పట్టుకోవడం అన్నీ నేనే. డాక్టరుగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. నెమ్మదస్తుడు. ఎదుటివాడు రిక్షా తొక్కేవాడైనా సరే మాట చివర 'అండీ' పెట్టందే మాట్లాడేవారు కాదు. మా బస్తీలో ఆ 'అండీ' చేసిన మేలెంతో చెడుపూ అంతే చేసిందని నా అభిప్రాయం. అంత మర్యాదగా అడిగిన మనిషి ముందు లేదని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. "మందులు సరిగ్గా వేసుకుంటున్నారాండీ?" అని ఆయన అడగడం, "ఏస్కుంటున్న సార్" అని వాళ్లు చెప్పడం, పూజారి గోత్రమడిగితే చెప్పినంత తేలిగ్గా జరిగిపోయేది.

ఎవరు ఏం చేస్తున్నారో నాకు తెలుసు. నేను అక్కడే పుట్టి పెరిగినదాన్ని. మూలమీది దర్జీ చాచా నెలకిచ్చిన గోలీలను దవాఖానాకు వచ్చే రోజు పొద్దున మాత్రమే వేసుకునేవాడు, ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ఆ ఒక్కరోజే స్నానం చేసివచ్చే బడిపిల్లాడిలాగా. మా వెనక గల్లీలో ఉండే ఒక అత్తగారు తనకు రాసిన షుగరు మందులో సగం తన చెల్లెలికి పెట్టేది. ఇద్దరికీ ఒకటే రోగమైనప్పుడు ఇద్దరు డాక్టర్లెందుకని ఆమె వాదన. ఒళ్లు బాగానే ఉన్నప్పుడు మందెందుకు అని మానేసేవాళ్లయితే లెక్కలేనంతమంది. ఆలోచిస్తే అదీ తెలివితక్కువ మాటేం కాదు, తలనొప్పి పోయాక తలకు కట్టుకున్న గుడ్డ తీసేయమా?

కాని డాక్టరు వైపునుంచి చూడండి. మనిషి వచ్చాడు, బీపీ ఎక్కువుంది. దానికి కారణం రెండిట్లో ఒకటి కావాలి: ఇచ్చిన మందు చాలకపోవడమో, ఇచ్చిన మందు నోట్లోకి పోకపోవడమో. యంత్రం ఆ రెండిటికీ ఒకటే అంకె చూపిస్తుంది. వేసుకుంటున్నానని మనిషి చెప్తే, పాపం ఆయన నమ్మి మందు పెంచేవారు. వేసుకోని మందు ఒకటి ఉన్నచోట, వేసుకోని మందులు రెండయ్యేవి.

ఇది నాకు నచ్చలేదు. నచ్చనిదాన్ని నోట్లో పెట్టుకుని కూర్చోవడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేని వేళ, వీళ్లంతా అబద్ధాలు చెప్తున్నారు సార్, మీరు గోడకు వైద్యం చేస్తున్నారు అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నమ్మకపోతే వైద్యమెలా చేస్తామమ్మా?" అన్నారు.

"నమ్మితే మాత్రం ఎట్ల చేస్తరు సార్?" అన్నాను నేను.

దానికి జవాబు నా దగ్గర ఉంది. మందు అయిపోయాక మిగిలే రేకులు ఉంటాయి కదా, మా దగ్గర పత్తాలంటారు, ఆ ఖాళీ పత్తాలు తెచ్చి చూపిస్తేనే చీటీ రాస్తానని మర్నాటి నుంచి నియమం పెట్టాను. తెచ్చినవాళ్ల పేరు పక్కన పొడుగు పుస్తకంలో పచ్చ సిరాతో టిక్కు. గోలీలు మిగిల్చుకుని వచ్చినవాళ్లకు ఎర్ర గీత, దానితోపాటు నా నోటి దీవెనలు. డాక్టరుగారు ఆ పుస్తకం పక్కన పెట్టుకుని రాసేవారు. పచ్చ టిక్కు ఉండి బీపీ ఎక్కువుంటే మందు పెంచేవారు. ఎర్ర గీత ఉంటే పెంచకుండా అదే రాసి నా దగ్గరికి పంపేవారు. అంటే మందు పెరగాలా, తిట్లు పెరగాలా అన్నది నా టిక్కును బట్టి ఉండేది. ఇరవై రెండేళ్ల పిల్లకు అంతకంటే ఏం కావాలి? అందరికంటే ఎక్కువగా తిట్లు తిన్నది దర్జీ చాచా. నిండు పత్తా పట్టుకుని వచ్చి, "కసమ్‌సే ఖాయా బేటీ" అని, మింగానని ఒట్టుపెట్టుకుంటే, మరి ఇవేమన్నా పిల్లలు పెట్టినయా చాచా అని కూర్చున్న పదిహేనుమంది ముందూ అడిగాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, కాని తర్వాతి నెల రాలేదు.

ఆ పదిహేనుమందిలో మా పెద్దమ్మ కూడా ఉంది. మా అమ్మకు అక్క. పెదనాయన పోయాక కిషన్‌బాగ్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కతే ఉండేది. బేగంబజార్‌లో ఒక కిరాణా హోల్‌సేలు సేటు గోదాములో ఎండుమిరపకాయల తొడిమలు తీసే పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదిమంది ఆడవాళ్లు గోనెసంచుల మధ్య కూర్చుని తీస్తూనే ఉండేవారు. ఆమె వస్తే మిరపఘాటు ముందు వచ్చేది, తర్వాత ఆమె. చెల్లెలి బిడ్డ డాక్టరు దగ్గర కూర్చుంటుందని, దగ్గర్లో ఎన్ని దవాఖానాలున్నా రెండు బస్సులు మారి మా దగ్గరికే వచ్చేది. మొదట ఒక గోలి రాశారు. రెండో నెల బీపీ ఇంకా కాస్త ఎక్కువుందని, ఒంట్లో నీరు లాగే గోలి ఇంకొకటి కలిపారు. ఇది నీళ్ల గోలి, ఒంటికి ఎక్కువసార్లు పోవాల్సి వస్తుంది, భయపడకు అని నేనే చెప్పిచ్చాను. మూడో నెల చూస్తే బీపీ తగ్గకపోగా పైకి ఎక్కి కూర్చుంది. ఖాళీ పత్తాలు మాత్రం ఒక్కటి తప్పకుండా, కొంగుకు కట్టుకుని తెచ్చింది. పచ్చ టిక్కు. మూడో గోలి. ఆ తర్వాత రెండు నెలలకు మొదటి గోలి రెట్టింపు. ఇంకో రెండు నెలలకు మూడోది కూడా రెట్టింపు. డాక్టరుగారు ఆమె కార్డు తిప్పితిప్పి చూసి, ఇంత శ్రద్ధగా వేసుకునే మనిషికి కూడా లొంగట్లేదంటే ఇది మొండి బీపీ అండీ అని దిగులుపడేవారు. నేనయితే ఆమెను అందరికీ చూపించి, చదువులేని మా పెద్దమ్మను చూసి నేర్చుకోండి అనేదాన్ని. ఆమె తల వంచుకునేది. అణకువ అనుకున్నాను.

వానాకాలంలో పెద్దమ్మకు జ్వరం పట్టుకుంది. ఒక్కతే ఉందని అమ్మ వెళ్లి మా ఇంటికి తీసుకొచ్చింది. సరే, మందుల బాధ్యత నాది కదా, మూడు రకాలూ దవాఖానా నుంచి తెచ్చి అరచేతిలో పోసి, గ్లాసు చేతికిచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని. "పెట్టిపో బిడ్డా, తర్వాత ఏస్కుంట" అనేది. తర్వాత లేదు గిర్వాత లేదు అనేదాన్ని. నోరు తెరిపించి చూసేదాన్ని కూడా. మీరు నవ్వుకోండి, నేనప్పుడు నవ్వలేదు. రెండో రోజు కళ్లు తిరుగుతున్నాయంది, జ్వరం నీరసమన్నాను. మూడో రోజు లేవలేనంది, లేచి నాలుగు ముద్దలు తింటే అదే పోతుందన్నాను. నాలుగో రోజు పొద్దున మొహం కడుక్కుందామని పెరట్లోకి వెళ్లి, నీళ్ల హౌజు అంచుకు తల కొట్టుకుని పడిపోయింది. మేం చప్పుడు విని వెళ్లేసరికి నుదుటి మీద రక్తం, పిలిస్తే పలుకు లేదు, ఒళ్లు చల్లగా చెమటలు. పక్కింటివాళ్ల ఆటోలో వేసుకుని దవాఖానాకు పరుగెత్తాం.

డాక్టరుగారు బీపీ చూశారు. యంత్రం పాడయిందేమోనని లోపలినుంచి ఇంకోటి తెచ్చి మళ్లీ చూశారు. అంత తక్కువ అంకె ఆ గదిలో నేనెప్పుడూ వినలేదు. కాళ్ల కింద దిళ్లు పెట్టి, సెలైను ఎక్కించి, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు మా అమ్మతో. తర్వాత నావైపు తిరిగి, ఏమిచ్చావమ్మా అని అడిగారు. మీరు రాసినవే సార్, రోజూ వేసుకునేవే, నా పుస్తకంలో ఉంది అన్నాను.

"రోజూ వేసుకునే మనిషి ఇవాళెందుకు పడిపోయింది?" అన్నారాయన.

ఎవరినీ నిందించినట్టు అనలేదు. లెక్క తప్పిన పిల్లాడు తనలో తాను అనుకున్నట్టు అన్నారు. 

సాయంత్రానికి కళ్లు తెరిచింది. కట్టుకోవడానికి మంచి చీర తెమ్మని అమ్మ నన్ను కిషన్‌బాగ్ పంపింది. చీరల పెట్టె దేవుడి పటాల కింద ఉంటుంది. చీర తీస్తుంటే అడుగున పాత బిస్కెట్ల డబ్బా తగిలింది, ఎత్తితే బరువుగా ఉంది, లోపల గలగలమంది. మూత తీశాను. తెల్లవి, పసుపువి, గులాబీరంగువి. నా అలమారాలోంచి నా చేత్తో తీసిచ్చిన గోలీలే. పత్తాల్లోంచి ఒక్కొక్కటే నొక్కి తీసి, పారేయడానికి చేతులు రాక, దేవుడి కింద దాచింది. మందును చెత్తలో వేస్తే పాపమని మన పెద్దవాళ్లు అనుకునేవారు కదా.

డబ్బా తీసుకొచ్చి ఆమె మంచం మీద పెట్టాను.  ఏందిది పెద్దమ్మా అన్నాను. ఆమె డబ్బా వైపు కాకుండా పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తూ చెప్పింది.

"మొదటి గోలి మంచిగనే ఏస్కున్న బిడ్డా. నువ్విచ్చిన ఆ నీళ్ల గోలితోని పరేషానయింది. గోదాంల పదిమందిమి ఆడోళ్లం కూసుంటం, ఒక్క మరుగు లేదు. హమాలోళ్లు గోడకు నిలవడ్తరు, మేమేం జెయ్యాలె? ఒక్కసారి లేస్తె సేటు జూస్తడు, రెండుసార్లు లేస్తె రేపటికెల్లి రాకు అంటడు. పని వోతె నన్నెవరు సాదాలె? రెండింట్ల నీళ్ల గోలి ఏదో నాకేం ఎర్క, అన్నీ బంద్ వెట్టిన. ఐతారం పని ఉండదు గద, ఆ ఒక్కనాడు ఏస్కుంటుంటి."

ఈ మాట ముందే చెప్పొచ్చు కదా అన్నాను.

"మొగ డాక్టరుకు ఏమని జెప్పాలె? ఒంటికి వోనీకె జాగ లేదని జెప్పాలెనా?"

"నాకు చెప్పరాదా? ఖాళీ పత్తాలు తెచ్చి ఎందుకు చూపిస్తివి?"

అప్పుడు నావైపు చూసింది. "నీ నోటికి బయపడి తెచ్చిన" అంది. "ఆ దర్జీ ముసలాయనను అందరి ముందట ఎట్ల అంటివి? గింత మంచి మనిషి, మల్ల మొకం సూపియ్యలె. నా చెల్లె బిడ్డ నన్ను గట్ల అంటె నేను మొకం యాడ వెట్టుకోవాలె?"

తెర అవతల డాక్టరుగారు ఉన్నారనీ, అంతా విన్నారనీ నాకప్పుడే తెలిసింది. ఆయన వచ్చి, డబ్బా మూత తీసి, వేలితో ఒకసారి కలియబెట్టి చూశారు. "మన టిక్కులన్నీ ఇక్కడున్నాయమ్మా" అన్నారు. అంతే. నన్నింకేమీ అనలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, అప్పుడిది ఇన్నేళ్లు గుర్తుండేది కాదు.

పెద్దమ్మకు రెండు మందులు తీసేశారు. ఒకటే ఉంచారు, అదీ మొదటి రోజు రాసినంతే, పని నుంచి ఇంటికి వచ్చాక వేసుకునేది. నెల తిరిగేసరికి మొండి బీపీ అన్నది కాస్తా బుద్ధిగా దిగివచ్చింది. నేను సేటుతో పోట్లాడతానని బయల్దేరితే, ఆమె నా చెయ్యి పట్టుకుని, "నువ్వు లొల్లి వెట్టకు, ఉన్న కూలి గూడ వోతది" అంది. వెళ్లలేదు. నా జీవితంలో పోట్లాడకుండా వదిలేసిన సంగతులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వాటిలో అది సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నా పొడుగు పుస్తకాన్ని డాక్టరుగారు మూసేశారు. ఆ తర్వాత ఆయన అడిగే ప్రశ్న మారింది. వేసుకుంటున్నారాండీ అని కాకుండా, "వారంలో ఎన్ని రోజులు కుదరట్లేదండీ?" అని అడగడం మొదలుపెట్టారు. కుదరకపోవడం అందరికీ ఉండేదే అన్నట్టు. విచిత్రం చూడండి, ఎన్నడూ నిజం చెప్పనివాళ్లు గుక్కతిప్పుకోకుండా చెప్పడం మొదలుపెట్టారు. నైట్ డ్యూటీ ఉందనీ, వేసుకుంటే దగ్గొస్తుందనీ, కోడలు చూస్తే రోగిష్టిదంటుందనీ. విని, ఆయన ఎంతోమందికి మందు తగ్గించారు, కొందరికి మార్చారు, కొందరికి వేళ మాత్రం మార్చారు. దర్జీ చాచా ఇంటికి నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. క్షమాపణ అడగడం నాకు రాదు, ఒక జాకెట్టు కుట్టడానికిచ్చి, రేపు డాక్టరు దగ్గరికి రా చాచా అన్నాను. ఆయనకు అర్థమయింది. జాకెట్టు మాత్రం పాడుచేశాడు.

ఆ దవాఖానా ఇప్పుడు లేదు, ఆ స్థలంలో మొబైళ్ల దుకాణం ఉంది. డాక్టరుగారు లేరు. పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, బీపీతో కాదు, ముసలితనంతో పోయింది.

ఇదంతా తలుచుకుంటూ ఆ స్టీలు కుర్చీలో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచి, టోకెను లేకుండానే తలుపు తోసుకుని మళ్లీ లోపలికి వెళ్లాను. ఆ పచ్చ గుర్తులు సగం అబద్ధమనీ, వారంలో మూడు నాలుగు రోజులు మాత్ర వేసుకోవట్లేదనీ, డోసు పెంచొద్దనీ చెప్పాను. డాక్టరమ్మ మంచిపిల్లే, కోప్పడలేదు. అయ్యో, ముందే చెప్పాలి కదా ఆంటీ అని, కొత్త డోసు కొట్టేసి పాతదే ఉంచింది, ఇకనుంచి రెగ్యులర్‌గా వేసుకోండి అంది, తర్వాతి టోకెను పిలిచింది.

ఎందుకు వేసుకోవట్లేదని అడగలేదు. నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోజు సాయంత్రానికి పాదాలు వాచిపోతాయి, చెప్పుల పట్టీలు దిగబడి గాట్లు పడతాయి, మర్నాడు బోర్డు ముందు అయిదు పీరియడ్లు నిలబడలేను. చెప్పడానికి సిగ్గుపడాల్సిన సంగతి కాదు, చెప్పుకోదగ్గంత పెద్ద సంగతీ కాదు. బస్సులో కండక్టరుతో, బజార్లో కూరగాయలవాడితో, ఇంట్లో అందరితో వాదించే నేను, అడగని ప్రశ్నకు జవాబు చెప్పలేక, లోపలికొచ్చే మనిషికి దారిచ్చి బయటికి వచ్చేశాను.

మర్నాడు ఎనిమిదింటికి ఫోన్ మోగింది. ఎన్నాళ్లకో ఎర్ర బొత్తాం నొక్కాను. సరే, గంట తర్వాత గుర్తుచేస్తాను అని వచ్చింది. మా డాక్టరుగారైతే గంట ఆగేవారు కాదు. కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టి, ఏమయిందండీ అని అడిగేవారు.